జరమొచ్చినోళ్ల బ్రెడ్డు

జీవాహారం బేకరీలో మేనేజరుగా చేరిన రోజు ఉప్పలయ్య ఒక బ్రెడ్డు చంకలో పెట్టుకుని దర్జాగా ఇంటికి నడిచాడు. బేకరీకీ నాచారంలో అతనుండే గదికీ మధ్య రెండే సందులు. గడప తొక్కేసరికి పక్కింటి కౌసల్యమ్మ అరటిపళ్లతో సహా లోపల కూర్చుని, అతని భార్య సాలమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తోంది.

"ఒళ్లు సల్లగనే ఉన్నది గద! జరం ఎప్పటిసంది?"

"నాకేం జరం వదినె? మంచిగనే ఉన్న."

"మరి మీ ఆయన బ్రెడ్డు పట్టుకొస్తున్నడని పిలగాండ్లు ఉరికొచ్చి చెప్పిన్రు?"

సాలమ్మ ఒక క్షణం ఆలోచించి, మెల్లగా మంచం మీద వాలిపోయింది. మాత్రల కంపెనీలో పొద్దంతా నిలబడి డబ్బాలు కట్టే మనిషి. ఎవరో వచ్చి పళ్లిచ్చి బాగోగులు అడుగుతానంటే కాదనడానికి ఆమెకేమైనా పిచ్చా?

ఆ బస్తీలో బ్రెడ్డు సంగతి అలాంటిది. జ్వరమొచ్చినవాళ్లు పాలలో ముంచుకుని తినేది బ్రెడ్డు. దవాఖానాలో పడుకున్నవాళ్లను చూడబోతూ పట్టుకెళ్లేది బ్రెడ్డు. రాయిలా ఉన్న మనిషి బ్రెడ్డు తింటే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఈ ముక్క బేకరీ పెట్టిన యోహాను సారుకు జర్మనీలో ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆయన వినే రకం కాదు.

యోహాను సారుది తాతముత్తాతల నుంచి రొట్టెలు కాల్చే వంశం. దేవుడి పని మీద భార్య హన్నమ్మతో, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి నాచారంలో దిగాడు. ఊరికే డబ్బు పంచితే పేదరికం పోదు, పని చూపించాలన్నది ఆయన పట్టుదల. కింద బేకరీ, పైన కాపురం. తెలుగు మాత్రం పాత బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు. "ఉప్పలయ్యా, నీవు ఈ దుకాణమునకు గృహనిర్వాహకుడవై యుందువు" అని ఆయన అన్నప్పుడు ఉప్పలయ్యకు సగమే అర్థమైంది. ఆ సగం అతనికి చాలు. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక అతను రెండేళ్లు ఖాళీగా తిరిగాడు. పీర్జాదిగూడలో ఉండే బావమరిది రాజయ్య ఏ శుభకార్యంలో కనబడినా, "ఏం బావా, ఇంక ఖాళీయేనా?" అని నలుగురిలో పలకరించేవాడు. మేనేజరయ్యాక ఉప్పలయ్య చొక్కా టక్ చేయడం మొదలుపెట్టాడు. మళ్లీ ఆ చొక్కా బయటికి రాకూడదన్నదే అతని ఏకైక ప్రార్థన.

కానీ బ్రెడ్డు కదలలేదు. ఎప్పుడో ఒకరు వస్తే, "ఎవరికి జరం?" అని పరామర్శించి కట్టివ్వడం ఉప్పలయ్యకు అలవాటైపోయింది.

"సారూ, నా మాటినుండ్రి. బండి తీస్కపోయి దవాఖానా గేటు కాడ పెడదం. మస్తు పోతది."

యోహాను సారు ముఖం ఎర్రబడింది. "నేను రోగుల బాధ వలన లాభము పొందను! రొట్టె సంతోషదినములకు తగిన ఆహారము!"

అన్నంత పనీ చేశాడు. వేసవిలో ఉప్పల్‌లో ఓ ఫంక్షన్ హాల్లో కౌసల్యమ్మ కూతురి పెళ్లి. యోహాను సారు జడలా అల్లి కాల్చిన చంటిపిల్లంత రొట్టెకు ఎర్ర రిబ్బను కట్టి తెచ్చి, నవ్వుతూ పెళ్లికూతురి ఒడిలో పెట్టాడు.

బోడుప్పల్ నుంచి వచ్చిన వియ్యపురాలు లేచి నిలబడింది.

"పిల్లకు పానం మంచిగ లేదా? గీ ముచ్చట ముందుగాల ఎందుకు జెప్పలె?"

ఉప్పలయ్య అక్కడికక్కడే లెక్క కట్టాడు. పెళ్లి ఆగితే బేకరీ ఆగుతుంది, బేకరీ ఆగితే తన చొక్కా బయటికొస్తుంది. ఒక్క గంతులో వెళ్లి రొట్టె లాక్కున్నాడు.

"ఇది నాది! జరం నాకు! సారు పొరపాటున ఆడ పెట్టిండు!"

అన్నాక తప్పుతుందా? మండుటెండల్లో తలకు తువ్వాలు చుట్టుకుని, మూల కుర్చీలో మూలుగుతూ, ఆ రొట్టెను పాలలో ముంచుకుని తిన్నాడు. ముందు నుంచి బగారన్నం వెళ్లింది, మటన్ కూర వెళ్లింది. "జర ఒక్క ముక్కెయ్యి తమ్మీ" అని గుసగుసగా అడిగితే వడ్డించేవాడు అదిలించాడు. "జరం మీద మటన్ తింటవా? సస్తవ్!"

అన్ని వంటకాలనూ వదిలేసి రొట్టె తింటున్న మేనేజరును చూసి యోహాను సారు పొంగిపోయాడు. "ఈ సభలో రొట్టె రుచి ఎరిగినవాడవు నీవొక్కడవే!" ఉప్పలయ్యకు ఏడుపొచ్చింది. అది మటన్ కోసమే.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు యోహాను సారు పొయ్యి దగ్గర నిలబడి, అతని వైపు చూడకుండానే చెప్పాడు. "జర్మనీలోని మా సంఘపువారు ఇక సహాయము పంపజాలరు. నెలాఖరున దుకాణము మూసివేయుదుము. నన్ను క్షమించుము."

ఉప్పలయ్య ఇంట్లో ఏమీ చెప్పలేదు. మర్నాడు టక్ చేయకుండా బయలుదేరుతుంటే చూసి సాలమ్మకే అర్థమైంది. "ఫికర్ జెయ్యకు. నేనున్న గద" అంది. ఆ మాటకు అతనికి ఇంకా దిగులేసింది.

ఆ వారమే యోహాను సారు మంచమెక్కాడు. ఒంట్లో ఒక్క కీలూ కదలనివ్వని జ్వరం. ఉప్పలయ్య తనే పొయ్యి వెలిగించి, రోజూలాగే బ్రెడ్లు కాల్చి, అద్దాల బీరువాలో సర్ది కూర్చున్నాడు. గొడుగు వేసుకుని కౌసల్యమ్మ వచ్చింది.

"ఒక బ్రెడ్డియ్యి తమ్మీ."

"ఎవరికి జరం అక్కా?"

"ఎవరికేంది? పైన సారుకే! ఒట్టి చేతులతోని పోయి సూస్తరా ఎవలన్న?"

ఆమె వెనుక ఆటోవాళ్లు, మంగలి షాపతను, సాలమ్మతో పనిచేసే ఆడవాళ్లు. బోడుప్పల్ వియ్యపురాలు కూడా, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ. ఎన్నడూ లేనిది, మధ్యాహ్నానికల్లా బీరువా ఖాళీ.

పైన యోహాను సారు దిండు పక్కన మొదటి బ్రెడ్డు పడగానే ఆయన కళ్లు తెరిచాడు. తన రొట్టె! రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. కొన్నవాళ్లే తిరిగి ఇచ్చేస్తున్నారనుకున్నాడు.

"ఈ రొట్టెయందు ఏమి దోషము కలదు? హన్నా, వీరందరికిని సొమ్ము తిరిగి ఇమ్ము."

ఉప్పలయ్య మెట్లెక్కి పరుగెత్తాడు. "వాపసు గాదు సారూ! మీకోసమే కొన్నరు. పానం బాగలేనోళ్లకు మావోళ్లు బ్రెడ్డు తెస్తరు. అందరికి తేరు, ఎవరి మీద ప్రేమ, పావురముంటదో ఆళ్లకే."

యోహాను సారు గది నిండా నిలబడ్డ జనాన్ని చూశాడు. ఆయన పుస్తకపు తెలుగులో ఆ వేళకు మాట దొరకలేదు. తన భాషలోనే ఏదో గొణిగి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద ఆయన ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

అన్ని బ్రెడ్లు ఏం చేసుకోవాలో తోచక హన్నమ్మ ముక్కలు కోసి, వెన్న రాసి, చాయ్‌తో పాటు అందరి చేతుల్లోనూ పెట్టింది. జనం మొహమొహాలు చూసుకున్నారు. వద్దంటే సారు నొచ్చుకుంటాడు. కౌసల్యమ్మే ముందుగా ధైర్యం చేసి చాయ్‌లో ముంచింది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఆమె మళ్లీ వచ్చింది. "బ్రెడ్డియ్యి."

"ఎవరికి జరం?" అలవాటుగా అడిగాడు ఉప్పలయ్య.

"జరమేంది నీ మొకం! నిన్న చాయ్‌ల ముంచుకుంటే మంచిగనిపించింది. ఊకెనే తిననీకి."

ఉప్పలయ్య మెట్ల వైపు తిరిగి అరిచాడు. "సారూ! ఊకెనే తిననీకట!"

పైన మంచం కిర్రుమంది. యోహాను సారు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ మూలుగుతూ, లుంగీలోనే కిందికి దిగాడు. జ్వరం లేకుండా బ్రెడ్డు కొన్న మనిషిని తలనుంచి పాదాల దాకా చూశాడు.

"ఉప్పలయ్యా, రేపటికి ఇంకొక బస్తా పిండి తెప్పించుము. నెలాఖరు మాట మా సంఘపువారితో నేను మాటలాడుదును."

కౌసల్యమ్మ బ్రెడ్డును కొంగు కింద దాచుకుని బయలుదేరింది. సందులో ఎవరైనా చూస్తే అరటిపళ్లతో ఇంటి మీద పడతారని ఆమె భయం.

"దాస్తవెందుకు అక్కా? ఇటియ్యి!"

ఉప్పలయ్య చొక్కా లోపలికి దోపుకున్నాడు. బ్రెడ్డును తల మీదికెత్తి పట్టుకుని ఆమె ముందు నడుస్తూ సందంతా వినబడేలా కేకేశాడు.

"ఎవ్వరికీ జరం లేదు! ఊకెనే తిననీకి!"