ఎనిమిదో ఈత

కర్ణాటకలో దిబ్బూరహళ్ళి పక్క ఊళ్ళో సుజాతమ్మ వాళ్ళకు ఒకప్పుడు పట్టుపురుగుల షెడ్డు ఉండేది. వరసగా రెండు పంటలు రోగమొచ్చి పోయాక ఆమె మొగుడు రామాంజినప్ప ఆ షెడ్డులోనే లాబ్రడార్ కుక్కల పెంపకం మొదలుపెట్టాడు. మొదట వచ్చింది ముత్యం. తర్వాత దానితో కలిపి పది కుక్కలయ్యాయి. వాటిలో నాలుగు ముత్యం కూతుళ్ళే.

ఏడేళ్ళు దాటేసరికి ముత్యం ఏడుసార్లు ఈనింది. అది ఎక్కువని సుజాతమ్మకు ఎప్పుడూ తోచలేదు. ఈనిన ప్రతిసారీ రాగిజావలో పాలు కలిపి పెట్టేది, పురిటి మూలలో పాత చీరలు పరిచేది. బాగానే చూసుకుంటున్నాననే అనుకుంది.

లైసెన్సు లేకుండా కుక్కపిల్లల్ని అమ్మితే ఊరుకోరని అందరూ చెప్పడంతో రామాంజినప్ప అర్జీ పెట్టాడు. నిబంధనల కాగితం కన్నడలో ఉంది. సుజాతమ్మ పెద్దగా చదివి వినిపించింది. ఒక్కో కుక్కకు చర్మం కింద గుర్తింపు చిప్పు వేయించాలి. ప్రతి ఈతా పుస్తకంలో రాయాలి. ఆడకుక్క జీవితం మొత్తంలో ఐదు ఈతలకు మించకూడదు.

ఆ వాక్యాన్ని ఆమె మళ్ళీ ఒకసారి చదివింది.

"ముత్యానికి నాలుగే అని రాస్తాం. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు రామాంజినప్ప.

"తనిఖీకొచ్చే డాక్టరమ్మ ఒకసారి చూస్తే తెలీదా? పొట్ట ఎట్ల యాలాడతాందో చూడప్పా." తనే మళ్ళీ అంది. "దాన్ని కొన్నాళ్ళు ఆంజనేయప్ప తోటలో పెడదాం. ఈడ ఉండేది తొమ్మిదే అని రాస్తాం."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందన్నది ఆమె తర్వాత ఒక్కరోజు కూడా మరిచిపోలేకపోయింది.

ఆంజనేయప్ప రామాంజినప్ప చిన్నాన్న కొడుకు. బాగేపల్లి దగ్గర మామిడితోట ఉంది. కుక్కను చూసి పెదవి విరిచాడు.

"ఈ ముసిలిదాన్ని పెట్టుకోని నేనేం చేసేదొదినా?"

ఎలాగైనా ఒప్పించాలని సుజాతమ్మ పొగడడం మొదలుపెట్టింది. "ముసిలిది కాదప్పా. కావలికి బాగుంటాది. ఈతకు ఒక్కసారి కూడా తప్పలేదు. ఏడుసార్లూ ఏడెనిమిది పిల్లలు."

ఆంజనేయప్ప ముఖం మారింది. సరే ఉంచిపో అన్నాడు. ఆమె బస్సుకు బయల్దేరుతుంటే ముత్యం తాడు సాగినంత దూరం వచ్చి ఆగింది. మొరగలేదు. సుజాతమ్మ వెనక్కి చూడకుండా నడిచింది.

చిక్కబళ్ళాపురం నుంచి పశువుల డాక్టర్ ప్రమోద తనిఖీకి వచ్చి షెడ్డంతా చూసింది. నీళ్ళ తొట్లు, గాలి, నేల, ఒక్కో కుక్క పళ్ళు, చెవులు. అన్నీ అయ్యాక పుస్తకం మూసి అడిగింది.

"తొమ్మిదేనా అమ్మా? ఇంకేమన్నా ఉండాయా?"

"ఇంతే డాక్టరమ్మా."

లైసెన్సు వచ్చింది. వారం పోయాక ముత్యాన్ని తెచ్చుకుందామంది సుజాతమ్మ. చిప్పు లేని పదో కుక్క ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఏం చెబుతావన్నాడు మొగుడు. వారాలు నెలలయ్యాయి. ఫోన్ చేసినప్పుడల్లా ఆంజనేయప్ప "బాగుండాదొదినా, బాగా తింటాండాది" అనేవాడు. ఆ మాట విని ఆమె ఫోన్ పెట్టేసేది.

ఐదో నెలలో ఇక ఉండబట్టక ఒక పొద్దున బాగేపల్లి పోయింది. ముత్యం తోటలో రేకుల కింద పడుకుని ఉంది. వెన్నెముక బయటికి తేలింది, కడుపు మాత్రం నిండుగా ఉంది. ఆమెను చూసి తోక రెండుసార్లు నేలకు కొట్టింది గానీ లేవలేకపోయింది.

"నిన్న మద్యాన్నం నుంచి నొప్పులు పడతాండాది, ఒక్క పిల్లా పడలేదు," అన్నాడు ఆంజనేయప్ప.

"ఎట్లప్పా ఇది? మొగకుక్కకు ఎవురు కట్టమన్నారు?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వే కదొదినా చెప్పినావు, ఈతకు తప్పదని?"

ఇద్దరూ కలిసి కుక్కను అతని ఆటోలోకి ఎక్కించారు. దగ్గర్లో ఆపరేషన్ చేసేవాళ్ళు లేరు. చిక్కబళ్ళాపురం పోవాల్సిందే. దారి పొడుగునా ముత్యం తల ఆమె ఒళ్ళోనే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా కుక్క ఆమె చెయ్యి నాకింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది ఆమెకు.

ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోదే ఉంది. ముత్యం మెడ మీద చిప్పు చూసే మిషను పెట్టింది. అది పలకలేదు.

"చిప్పు లేదే. ఎవురిదిది?"

"తోటలోకి వచ్చిన కుక్కమ్మా, ఎవురిదో ఏమో," అన్నాడు ఆంజనేయప్ప. వదినను కాపాడుతున్నాననుకున్నాడు.

ఔనని తల ఊపితే చాలు. ఎవరూ ఏమీ అడగరు.

"నాది," అంది సుజాతమ్మ. "ఆ పొద్దు మీకు చూపించలేదు. ఇది ఎనిమిదో ఈత."

"ముందు ఆపరేషన్ కానీ," అని డాక్టర్ లోపలికి పోయింది.

ఐదు పిల్లల్లో మూడు లోపలే చనిపోయాయి. రెండు బతికాయి. ముత్యానికి గర్భసంచి తీసేశారు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ డాక్టర్ అంది, "ఇది నేను పైకి రాయాల్సిందేనమ్మా. రాయకపోతే నాదీ తప్పవుతాది."

"రాయండమ్మా."

నెల తిరగకుండా నోటీసు వచ్చింది. లైసెన్సు ఆపేశారు. ఉన్న కుక్కల్ని పెంచుకోవచ్చు, ఈతకు కట్టకూడదు, అమ్మకూడదు.

"కుక్క ఎట్లైనా బతికేది. నువ్వు నోరు మూసుకోని ఉండకూడదా?" అన్నాడు రామాంజినప్ప. గట్టు మీద మళ్ళీ పట్టుపురుగుల మేతకని హిప్పునేరేడు కట్టెలు నాటడం మొదలుపెట్టాడు. ఆమె నీళ్ళు తీసుకుపోతే తాగాడు గానీ తల ఎత్తలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే మనసు తేలికపడుతుందని సుజాతమ్మ ఎక్కడో విని ఉంది. తేలిక పడలేదు. ముత్యాన్ని ఇంటికి తెచ్చి చిప్పు వేయించింది, కుట్లు మానేదాకా పక్కనే పడుకుంది. అయినా ఆమె దాని పొట్ట మీద చెయ్యి వేస్తే చాలు, ముత్యం ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. కసరదు, కరవదు. ఓర్చుకుంటుంది. సుజాతమ్మ చెయ్యి తీసేస్తుంది.

పిల్లలు రెండూ ఇప్పుడు వసారాలో పరిగెత్తుతున్నాయి. సంగతి తెలియనివాళ్ళు కుక్కపిల్లల్ని కొనడానికి ఇంకా కారేసుకుని వచ్చి గేటు ముందు ఆగుతుంటారు. బండి చప్పుడు వినగానే ముత్యం లేచి, పిల్లల్ని గోడవైపు తోసి, వాటికి అడ్డంగా నిలబడుతుంది. గేటు వైపు చూడదు. సుజాతమ్మ వైపే చూస్తుంది.

ఆమె పోయి, "మేము అమ్మేదిల్లేదప్పా" అని వాళ్ళను పంపించేసి వస్తుంది. వచ్చి మెట్టు మీద కూర్చుంటుంది. ముత్యం అప్పటికీ పక్కకు జరగదు.