తాళి కట్టాక మొదటి నొక్కు

మణ్యం బొటనవేలితో మీట నొక్కుతూనే ఉన్నాడు. బల్ల మీద అరచేతి కంటే కొంచెం పెద్దదైన ఇనుపపెట్టె ఉంది. పైన గుండ్రటి మీట, దాని పక్కన చిన్న ఎర్రదీపం. నొక్కితే దీపం వెలిగి, గోడకు ఆనించిన స్పీకరులో గిటారు గరగరలాడుతుంది. మళ్లీ నొక్కితే దీపం ఆరి, గిటారు మామూలు గొంతుకు వస్తుంది. గిటారు వాయించేవాళ్లు కాలితో నొక్కే ఆ పెట్టెను పెడల్ అంటారు.

"ఏదయ్యా చప్పుడు?" అన్నాడు మణ్యం.

గిటారు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మోహన్ మొహం ముడుచుకున్నాడు. "ఇక్కడ రాదండి. మీరంటే భయం దానికి."

"నీ కాలంటే లేదా మరి?"

"నా కాలు చూసి అది భయపడలేదండి, పెళ్లికూతురి మామ్మగారు భయపడ్డారు. అదండీ గొడవ."

గొడవ మణ్యానికి తెలిసిందే. కిందటి వారం కొత్తపేట పెళ్లిలో ముహూర్తం దగ్గర పడగానే ఎప్పటిలాగే ఆర్కెస్ట్రా ఆగింది. నాదస్వరం, డోలు మాత్రమే వినబడ్డాయి. తాళి కట్టారు, తలంబ్రాలయ్యాయి. తరువాత శుభమా అని మొదటి పాట ఎత్తుకోబోతూ మోహన్ పెడల్ నొక్కాడు. పందిరంతా అదిరేలా డబ్‌మంది. పెళ్లికూతురి మామ్మగారి చేతిలోని పళ్లెం జారి అక్షింతలన్నీ మట్టిపాలయ్యాయి. తాళి కట్టగానే ఈ పిడుగేమిటని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆర్కెస్ట్రా నడిపే శ్రీనివాసరావు రెండు చేతులూ జోడించి అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంకొక్కసారి ఆ చప్పుడు వస్తే మర్నాటి నుంచి రావద్దని, గిటారు ముక్కలు కూడా కీబోర్డు మీదే వాయించుకుంటామని మోహన్‌తో తేల్చి చెప్పాడు.

మోహన్‌కు పెళ్లి కాకముందు నుంచీ ఆ ఆర్కెస్ట్రాలో ఉన్న చోటు అది.

"ఇవాళ మలికిపురంలోనండి. ఏడింటికి ముహూర్తం. నాలుక్కి బయల్దేరాలి. మీదే భారం."

"భారం దేవుడిది. నాది సోల్డరింగు వరకే" అని మణ్యం మళ్లీ మీట నొక్కాడు.

మోహన్ గిటారును అక్కడే ఉంచి వెళ్లిపోయాడు.

మణ్యం పూర్తి పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరు పిలిచే ఓపిక అమలాపురంలో ఎవరికీ లేక మణ్యం గారయ్యాడు. నల్లవంతెన అవతల సందులో ఇల్లు. వీధి గదే కొట్టు. బక్కపలచటి మనిషి. వేళ్ల కొసల్లో కాలిన మచ్చలు. కూర్చున్నా ఒక మోకాలు ఊగుతూనే ఉంటుంది. తండ్రి దగ్గర రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. రేడియోలు పోయాక టీవీలు చూశాడు, అవి పలచబడ్డాక గుళ్లలో మైకులు, ఊరేగింపుల ఆంప్లిఫయర్లు చూస్తున్నాడు. ఆగిపోయిన ఊరేగింపు ముందు నిలబడి పనిచేసేవాడికి తొందర తప్పదు. మీట వేసి తీసి, వేసి తీసి, టకటకలాడించి, పలికితే బాగుపడినట్టు. తండ్రీ అలాగే చూసేవాడు.

భక్తి ఉంది. తెల్లవారుజామునే స్నానం చేసి విష్ణు సహస్రనామం చదువుతాడు, అదీ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ.

"కాసేపు కూర్చుని చదవండి. అటూ ఇటూ మిమ్మల్నే చూస్తుంటే ఆ స్వామికి మెడ పట్టేస్తుంది" అంటుంది భార్య కామేశ్వరి.

ఈ పెడల్‌ను ఇప్పటికే రెండుసార్లు చూసి పంపాడు. పోయిన ఏడాది మోహన్ ఎక్కడో పాత మీట తీయించి కొత్త మీటా, దీపమూ పెట్టించుకున్నాడు. మొదటిసారి మణ్యం ఆ మీటను శుభ్రం చేశాడు. రెండోసారి దీపం తీగలు విడదీసి వేరే దారిన తిప్పాడు. రెండుసార్లూ టకటకలాడించి చూశాడు. చప్పుడు లేదు. రెండుసార్లూ పెళ్లిపందిట్లో వచ్చింది.

ఇప్పుడూ అంతే. నొక్కాడు, లేచాడు, వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చి మళ్లీ నొక్కాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచి పట్టేసినట్టుంది. వంగి కూర్చోవడం వల్లే అనుకుని రుద్దుకున్నాడు.

"అన్నం చల్లారిపోతోందండీ" అని కామేశ్వరి మూడోసారి పిలిచాక అన్నీ అలాగే వదిలేసి లోపలికి వెళ్లాడు. బీరకాయ కూర, మజ్జిగ పులుసు. సగం తిని లేవబోయాడు.

"ఆ పెట్టె ఎక్కడికీ పారిపోదు. మొహం చూడండి ఎలా పాలిపోయిందో. కాసేపు నడుం వాల్చండి."

వాల్చాడు గాని కన్ను మూతపడలేదు. కాసేపటికే లేచి వచ్చి, నిలబడే ఒక వేలితో మీట నొక్కాడు.

డబ్.

అలమారులో సీసాలు గణగణలాడాయి.

"ఏం పడిందండీ?" అంది కామేశ్వరి లోపలి నుంచి.

"పడలేదే. దొరికింది."

మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. ఇంకోసారి నొక్కినా లేదు. మణ్యం కుర్చీలో కూలబడ్డాడు. తాళి కట్టేదాకా ఊరుకుంటుందండి అని మోహన్ మొదటిరోజే అన్నాడు. అది వేళాకోళం అనుకున్నాడు తను.

పాత మీట ఆపినప్పుడు కూడా గిటారును పెట్టెతో ఎంతో కొంత కలిపే ఉంచేది. కొత్తది పూర్తిగా తెంచేస్తుంది. తెగిన కొసల్లో, కరెంటును పట్టి ఉంచే కెపాసిటర్ల దగ్గర, కరెంటు ఎటూ పోలేక బొట్టుబొట్టుగా చేరుతుంది. చాలాసేపు ఊరుకుని ఒక్కసారి నొక్కితే చేరిందంతా స్పీకరులోకి దూకుతుంది. వెంటవెంటనే నొక్కితే చేరేందుకు వ్యవధే ఉండదు. ఇన్నాళ్లూ తన తొందరే ఆ చప్పుడును దాచింది.

పని చిన్నదే. గోధుమ, నలుపు, ఆకుపచ్చ గీతలున్న రెసిస్టర్లు రెండు వెతికి, గిటారు తీగ వచ్చే చోట ఒకటి, వెళ్లే చోట ఒకటి ఎర్త్ తీగకు కలిపి అతికించాడు. ఇక చేరినది చేరినట్టే జారిపోతుంది.

కష్టమంతా పరీక్షలో ఉంది. నొక్కకుండా ఊరుకోవాలి.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వీధిలో అరటిగెలల ఆటో పోయింది. వేలు దానంతటదే లేచింది. రెండో చేత్తో పట్టుకున్నాడు. ముందే నొక్కితే అది అబద్ధం చెబుతుంది. తండ్రి గుర్తుకొచ్చాడు. కూతురు ప్రశాంతి గుర్తుకొచ్చింది. రాజమండ్రిలో కాపురం ఇప్పుడు. చిన్నప్పుడు బళ్లో ఒకసారి పాట పాడింది. తను మైకు సరిచేసి, పాట మొదలుకాక ముందే ఇంకో చోటికి పరిగెత్తాడు. బాగా పాడిందని తరువాత ఎవరో చెప్పారు.

స్వామిని కూడా ఇలాగే పిలిచాడా ఇన్నేళ్లూ? వెయ్యి పేర్లూ టకటకా పిలిచి, దేనికీ జవాబు కోసం ఆగకుండా? ఆగి ఉంటే ఏదైనా వినబడేదా, లేక ఇదీ తన పిచ్చి ఆలోచనేనా? తేలలేదు. కాని ఆ ఆలోచనతో పాటు కూర్చోగలిగాడు. అందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

చివరకు నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. ఏ చప్పుడూ లేదు. తీగ మీటితే గిటారు గరగరలాడింది, అంతే.

నాలుగింటికి వచ్చిన మోహన్ విని నవ్వబోయి ఆగాడు. "అక్కడ పెద్ద స్పీకర్లండి. అక్కడ కూడా రాదంటారా?"

"నేనొస్తాను పద."

"ఎక్కడికీ రారు" అని కామేశ్వరి గుమ్మంలోంచి అంది. "నువ్వెళ్లు బాబూ. ఈయన వాలకం బాలేదు. రేపు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాలి."

మణ్యం వాదించలేదు. "సరే, మోహన్. ముహూర్తం ముందు ఫోను చేసి, కట్ చెయ్యకుండా జేబులో పడేసుకో. నేనిక్కడ వింటాను."

"ఆయ్, అలాగేనండి."

చీకటి పడుతుండగా ఫోను వచ్చింది. స్పీకరు ఆన్ చేసి బల్ల మీద పెట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు. నాదస్వరం, పురోహితుడి గొంతు, తరువాత గట్టిమేళం. తలంబ్రాల దగ్గర ఆడవాళ్లు ఎవరినో ఆటపట్టిస్తూ నవ్వుతున్నారు. చాలాసేపు అదే నవ్వు. మణ్యం కదల్లేదు. శ్రీనివాసరావు గొంతు, "ఊఁ, మోహన్" అంది. మీట పడిన సన్నటి టక్. దాని వెనకే మరే అదురూ లేకుండా గిటారు.

మణ్యం కళ్లు మూసుకుని పాట వినసాగాడు.

దేవుడి దగ్గర దీపం పెట్టి, కాఫీ పట్టుకుని కామేశ్వరి వచ్చింది. "ఏవండీ" అంది. పాట వింటున్నాడనుకుని కాసేపు నిలబడింది. మళ్లీ పిలిచి, భుజం మీద చెయ్యి వేసింది. తరువాత గుండె మీద, ముక్కు దగ్గర. కాఫీ ఒలకకుండా గ్లాసు బల్ల మీద పెట్టి, మోహన్ పొద్దున్న కూర్చున్న స్టూలు మీద కూర్చుంది.

పాట అయింది. చప్పట్లలోంచి మోహన్ గొంతు దగ్గరగా వచ్చింది. "మణ్యం గారండి, రాలేదండి చప్పుడు. శ్రీనివాసరావు గారు ఎల్లుండి రావులపాలెం పెళ్లికి నన్నే రమ్మన్నారండి. విన్నారాండి?"

కామేశ్వరి ఫోను వైపు వంగింది. అక్షింతలు ఇంకా ఆరని పందిరి. అక్కడికి ఆ మాట వెళ్లకూడదు.

"విన్నారు బాబూ" అంది. "నువ్వు కానియ్."

ఫోను ఎలా ఆపాలో ఆవిడకు తెలియదు. మోహన్ కూడా ఆపలేదు. బల్ల మీద, మీగడ కట్టిన కాఫీ పక్కన, అది సన్నగా అదురుతూ రెండో పాట పాడుతోంది.