పెట్టె మీది అంకె

హాన్‌కాక్ ఊళ్లో ఎల్మా కాంగాస్ పుస్తకాల కొట్టుని జనం ఇప్పటికీ బూట్ల కొట్టనే అంటారు. ఆ అనడంలో తప్పేమీ లేదు. ఆమె మామగారు ఆస్కర్ ఆ గదిలో కూర్చునే ఊరందరి కాళ్లకీ బూట్లు తొడిగాడు. హైవే పక్కన పెద్ద దుకాణాలు వెలిశాక బేరం పడిపోయింది, కొన్నాళ్లకి ఆయనా పోయాడు. ఎల్మా సరుకు మార్చింది గానీ సామాను మార్చలేదు. బూట్ల డబ్బాలు పట్టిన అరల్లోనే పుస్తకాలు సర్దింది. పాదం కొలిచే ఇనప పలక గల్లాపెట్టె కింద అలాగే పడి ఉంది.

సరుకు ఏదైనా అమ్మే పద్ధతి ఒకటేనని ఆమె లెక్క. కొట్టుకి వచ్చినవాడికి తనకేం కావాలో సగం తెలుసు, సగం తెలియదు. బూట్లయితే పాదం కొలవాలి, కథల పుస్తకమైతే వయసు అడగాలి. ఆ తర్వాత అతనికి ఆలోచించే పని పెట్టకూడదు. ఆలోచనలో పడ్డవాడు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోతాడు.

అందుకే ప్రతి పుస్తకం వీపు మీదా ఒక రంగు బిళ్ల అంటించింది. పళ్లొచ్చే పిల్లలు నమిలినా చిరగని అట్టపుస్తకాలకి పసుపు. ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించే బొమ్మల కథలకి ఆకుపచ్చ. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి, అంటే సొంతంగా కూడబలుక్కుని చదివేవాళ్లకి, నీలం. ఆపైన పన్నెండేళ్ల దాకా ఎరుపు. మీసాలు మొలిచే ఈడుకి ఊదా. పెద్దవాళ్ల నవలలకి మాత్రం బిళ్ల లేదు. పెద్దవాళ్లకి తామే ఏరుకున్నామన్న తృప్తి మిగలాలి. ఏ రంగు ఏ వయసుకో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. బిళ్లలు వచ్చిన ఏడాదే కొట్టు నిలదొక్కుకుంది.

క్రిస్మస్ ముందు శనివారం కొట్టు కిటకిటలాడుతోంది. మంచు మీద జారే బండి తోలే బట్టల్లోనే ఒక కుర్రాడు లోపలికి వచ్చాడు. వాడి బూట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“మా అన్న కూతురికి ఏదో ఒకటి ఇవ్వండి. ఆరు నెలల పిల్ల. దానికి కథేం అర్థమవుతుందని కొనమన్నారో మరి!”

“కథ మీ వదిన కోసం, అట్ట పాప కోసం,” అంది ఎల్మా. “పసుపు బిళ్లలు చూడు బాబూ. బాతు ఉన్నది తీసుకో. రుచిగా ఉంటుందని మంచి పేరుంది దానికి.”

వాడు నవ్వి బాతు పుస్తకం తీసుకున్నాడు. వాడి వెనకే నిలబడ్డ ఆవిడకి అత్తగారి కోసం నవల కావాలట.

“ఎవరూ చచ్చిపోకూడదు, ఎవరూ విడిపోకూడదు. ఆవిడది సున్నితమైన గుండె.”

“ఎవరికీ ఏమీ కాకపోతే అది నవలెందుకవుతుందమ్మా? ఇదిగో, ఇందులో ఒక్కడే పోతాడు, వాడూ వెధవే.”

“అత్తగారికి నచ్చుతుందంటారా?”

“ఇందులో కోడలు కూడా చెడ్డదే. తప్పకుండా నచ్చుతుంది.”

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తన కొట్టులో జనం నవ్వితే ఎల్మాకి హుషారు. నవ్వేవాళ్ల చెయ్యి సంచీలోకి తొందరగా పోతుందని ఆమెకి తెలుసు. కానీ ఆ రోజు ఆమె కళ్లు మాటిమాటికీ వెనక అరల వైపే పోతున్నాయి.

కారణం ఉంది. కొద్ది వారాలుగా అరల్లో బిళ్ల లేని పిల్లల పుస్తకాలు కనిపిస్తున్నాయి. తుడవడానికి వంగినప్పుడు ఒక అర చెక్క అడుగున నీలం బిళ్లలు గుత్తిగా అతికించి కనిపించాయి. ఎవరో గోటితో ఒలిచి అక్కడ దాచారు. ఎందుకు ఒలుస్తారు? ఎల్మా ఆలోచించింది. కొట్టులో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఇంట్లో చదివేసిన పుస్తకం తెచ్చి ఇచ్చి, బదులుగా మరోటి పట్టుకెళ్లవచ్చు. బిళ్ల ఉంటే కొట్టు సరుకు, లేకపోతే ఇంటి సరుకు. అంటే ఎవరో తన సరుకుకే బిళ్ల పీకి తనకే అంటగట్టాలని చూస్తున్నారు. లెక్క ఎక్కడా తప్పలేదనిపించింది ఆమెకి.

అప్పుడే ఆర్వో లహ్తి మంచు దులుపుకుంటూ వచ్చాడు. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. కూతురు పెద్ద సరస్సుల్లో తిరిగే సరుకు ఓడల్లో వంట చేస్తుంది. ఓడలు తిరిగినన్నాళ్లూ మనవరాలు కారిస్ ఆయన దగ్గరే. ప్రతి శనివారం పిల్లని కొట్టులో వదిలి, పక్కనున్న బేకరీలో స్నేహితులతో కాఫీ తాగి వస్తాడు. పిల్ల వెనక హీటర్ పక్కన చదువుకుంటూ కూర్చుంటుంది. ఒక్కోసారి ఒకటి కొనుక్కుంటుంది.

“మా పిల్ల ఎక్కడ ఎల్మా? నీ కొట్టంతా చదివేసిందా ఇవాళైనా?”

“కొంత నాకోసం మిగిల్చిందిలే.”

“ఎవరి పోలికో తెలీదు! నేను బండి రిపేరు పుస్తకం తప్ప పుట్టి బుద్ధెరిగాక ఏదీ పూర్తి చెయ్యలేదు. ఇది ఒక పుస్తకం మొదలెడితే అన్నానికి కూడా లేవదు. వాళ్లమ్మకి ఫోన్లో అదే చెప్తాను, మన ఇంట్లో ఒక చదువరి పుట్టిందే అని.”

ఆయన మాట పూర్తి కాలేదు. వెనక ఎర్ర బిళ్లల అర చాటున కారిస్ చతికిలబడి కూర్చుని ఉండటం ఎల్మాకి కనిపించింది. పన్నెండేళ్ల పిల్ల, పొడుగాటి కాళ్లు, ఒళ్లో పుస్తకం. బొటనవేలి గోరు దాని వీపు మీది నీలం బిళ్ల కిందకి దూరుతోంది.

“ఏయ్! ఏం చేస్తున్నావక్కడ?”

ఎల్మా గొంతు పెద్దది. గిడ్డంగిలో ఉన్నవాళ్లకి వినపడేలా కేకేసి అలవాటైన గొంతు. కొట్టంతా అటు తిరిగింది. కారిస్ లేచి పుస్తకం వెనక్కి దాచుకుంది.

“ఏం లేదు, మిసెస్ కాంగాస్.”

“ఏం లేకపోతే వేలికి అదేంటి?”

నీలం బిళ్ల ఆ పిల్ల బొటనవేలికే అంటుకుని ఉంది. దులుపుకోబోతే చూపుడువేలికి అంటుకుంది.

“ఇన్నాళ్లూ పీకుతోంది నువ్వేనా? ఎందుకు? మళ్లీ నాకే తెచ్చి అంటగడదామనా?”

“కాదండీ. ఇది కొనుక్కుందామనే. డబ్బులున్నాయి.” పిల్ల కోటు జేబులోంచి మడతలు పడ్డ నోటు తీసి చూపించింది.

“కొనేదానికి బిళ్ల పీకడమెందుకు? ఇది ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వాళ్లది. నీకు పన్నెండు. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేరు. మరి ఎవరికిది?”

కారిస్ తాత వైపు చూసింది. పక్కన తన తరగతి పిల్లలిద్దరు వాళ్ల తల్లులతో నిలబడి ఉన్నారు. వాళ్ల వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుంది. పెదాలు కదిలాయి.

“వినపడేట్టు చెప్పమ్మా.”

“నాకే.”

“ఏంటీ?”

“నాకే! నేను చదవగలిగేవి ఇవే. మిగతావాటిలో అక్షరాలు కిక్కిరిసిపోయి ఉంటాయి. వరస పోతుంది నాకు.” వేలికున్న బిళ్లని పిడికిట్లో మూసేసింది. “బిళ్ల ఉంటే అందరికీ తెలుస్తుంది.”

పుస్తకం అర మీద పెట్టింది, పడేయలేదు. తలుపు తోసుకుని మంచులోకి నడిచి తాత ట్రక్కు ఎక్కి కూర్చుంది. తలుపు గంట కాసేపు ఊగుతూనే ఉంది.

కొట్టులో ఎవరూ నవ్వలేదు. ఆర్వో టోపీ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఇందాక చదువరి పుట్టిందన్నప్పటి నవ్వు ఇంకా ఆయన ముఖం మీదే ఉండిపోయినట్టుంది, ఎలా తీసెయ్యాలో తెలియక. నెమ్మదిగా అర దగ్గరికి వెళ్లి పుస్తకం తెచ్చి గల్లాపెట్టె ముందు పెట్టాడు.

“ఊరికే తీసుకెళ్లు ఆర్వో. నేను...”

“వద్దు. డబ్బులు తీసుకుని రశీదు ఇవ్వు. ఊరికే ఇస్తే అది నిజంగానే దొంగిలించినట్టవుతుంది.”

రశీదు మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నవల కొన్న ఆవిడ దగ్గరికొచ్చి ఎల్మా చెయ్యి తట్టింది. “మీకేం తెలుసు పాపం! ఎవరైనా అలాగే అనుకుంటారు.”

ఎల్మా తలూపింది. ఆవిడ ఓదార్పు సరిపోలేదు. ఎందుకంటే ఎల్మాకి తెలుసు. ఎవరికి తెలియకపోయినా తనకి తెలుసు.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి మామగారి ముందు ఆమె కొట్టులో అరిచింది. “మామయ్యా, ఈవిడకి పన్నెండో నంబరు కావాలట, ఆడవాళ్లవాటిలో ఉందా?” అని. కుర్చీలో కూర్చున్న ఆవిడ పెద్ద పాదాలు రెండూ కుర్చీ కిందకి లాక్కుంది. ఆస్కర్ లేచాడు. లోపలికి వెళ్లి డబ్బా తెచ్చాడు. నంబరు ఉన్న వైపు ఛాతీకి ఆనించి పట్టుకుని, ఎవరికీ కనపడకుండా తెచ్చాడు. మూత తీసి బూటు ఆవిడ కాలికి తొడుగుతూ తను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ వెళ్లాక కోడల్ని పిలిచాడు. “అంకె మనకోసం, ఎల్మా. బూటు వాళ్లకోసం. అంకె బయటికి అనకు. అన్నావా, బూటు సరిపోయినా ఆ మనిషి మళ్లీ రాదు.”

ఆ మనిషి మళ్లీ రాలేదు కూడా. ఆ పాఠం ఎల్మా బూట్లు అమ్మినన్నాళ్లూ తప్పలేదు. పుస్తకాలకొచ్చేసరికి అంకెని వీపుకే అంటించింది, గోడకెక్కించింది, చివరికి జనం మధ్య ఒక పిల్ల ముఖం మీద చదివి వినిపించింది. ఇన్నాళ్లూ తన తెలివి అని మురిసిపోయిన పని తలుచుకుంటే చెవులు కాలిపోయాయి. ఆ పిల్ల దొంగతనం చెయ్యలేదు. ఆస్కర్ చేసిన పనే చేసింది, అంకె ఉన్న వైపు తన ఒంటికి తిప్పుకుంది.

మర్నాడు మాంసం, బంగాళదుంప కూరిన వేడి పాస్టీలు గుడ్డలో చుట్టుకుని ఆర్వో ఇంటికి వెళ్లింది. ఆర్వో తలుపు తీశాడు గానీ కారిస్ గదిలోంచి రాలేదు. ఎల్మా గది తలుపుతోనే మాట్లాడాల్సి వచ్చింది.

“తప్పు నాదేనమ్మా. నిన్ను దొంగననుకున్నాను.”

లోపలినుంచి గొంతు వచ్చింది. “దొంగనని ఒప్పుకున్నా బాగుండేది.”

ఎల్మా తలుపు దగ్గర్నుంచి జరిగింది. పాస్టీలు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

పండగ వెళ్లాక కొట్టు మూసుకుని ఒక్కో పుస్తకం బిళ్లా ఒలిచింది. గోరుకి రానివి కత్తి మొనతో గీకింది. గోడ మీది అక్షరాలకి సున్నం పూసింది. వయసుల వరస చెదరగొట్టి, కుక్కల కథలు ఒకచోట, ఓడల కథలు ఒకచోట, దెయ్యాల కథలు ఒకచోట సర్దింది. సన్నపువీ లావువీ ఒకే అరలోకి చేరాయి. జనం విసుక్కున్నారు. “తొమ్మిదేళ్ల వాళ్లవి ఎక్కడమ్మా? ఇదివరకు ఇట్టే దొరికేవి!” అడిగిన ప్రతిసారీ ఆమె లేచి, దగ్గరికి వెళ్లి, చెవిలో చెప్పినట్టు అడిగి, తనే వెతికి తెచ్చేది. మోకాళ్లు నొప్పి పుట్టాయి. అమ్మకాలూ తగ్గాయి. తగ్గనీ అనుకుంది. ఆ నష్టం తను చెల్లించాల్సిందే.

జనవరిలో రెండో శనివారం ఆర్వో వచ్చాడు, ఒక్కడే. అరలన్నీ ఒకసారి కలియజూశాడు.

“బిళ్లలేవీ?”

“తీసేశాను.”

“మంచి పని చేశావు. కానీ కారిస్ లోపలికి రానంది. నన్ను పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఓడల గురించి ఏదైనా ఇవ్వు. వాళ్లమ్మ ఓడలో ఉంటుంది కదా.”

ఎల్మా ఓడల అర దగ్గరికి వెళ్లి ఒక్కోటీ విప్పి చూసింది. విడివిడి వరసలు, పెద్ద అక్షరాలు, మధ్యమధ్య బొమ్మలు, కథ మాత్రం పసిది కాదు. అలాంటిది ఒకటి తీసి, అట్ట ఛాతీకి ఆనించుకుని తెచ్చి మామూలు కాగితంలో చుట్టింది.

“ఇది ఏ వయసు వాళ్లకి?” ఆర్వో అడిగాడు.

అంకె నాలుక చివరే ఉంది. ఎల్మా దారం ముడి వేస్తూ మింగేసింది.

“సరిపోతుంది. సరిపోకపోతే తెచ్చి మార్చుకోమను. కానీ తనే రావాలి. కాలు లేకుండా బూటు మార్చలేను నేను.”

“వస్తుందనుకోకు ఎల్మా.”

“అనుకోవడం లేదులే. చెప్పి చూడు.”

ఆయన బయటికి వెళ్లాడు. కిటికీలోంచి ట్రక్కు కనిపించింది. ముందు సీట్లో కారిస్ ఉంది, ముఖం అవతలి వైపు తిప్పుకుని. తాత పొట్లం ఒళ్లో పెడితే వేలితో దారం పట్టుకుని ఊరుకుంది. తర్వాత మెల్లగా ముడి విప్పడం మొదలుపెట్టింది.

ఎల్మా కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగి, మామగారిలాగే గోడకేసి తిరిగి నిలబడింది.