అటువైపు గొంతు

హెల్మెట్ లోపల ఒక వాసన ఉంటుంది.

నిన్నటి చెమట. మొన్నటి చెమట. ఉప్పుగాలి పీల్చిన జుట్టు. ఎప్పుడో ఒలికిన పెట్రోలు... అన్నీ కలిసి ముదిరిపోయిన ఒకే వాసన.

కహురంగి అందులో తల దూర్చింది. బండి స్టార్ట్ చేసింది.

ఎడమ పక్క సముద్రం.

కుడి పక్క కొండ. రెంటి మధ్యా మెలికలు తిరుగుతూ తూర్పుకొస రోడ్డు. గట్టు పొడుగునా పోహుతుకావా చెట్లు ఎర్రటి పూలు రాలుస్తున్నాయి. టూరిస్టులకి దారి చూపిస్తూ ముందు ఆమె. ఆమె వెనక ఎనిమిది మోటార్‌సైకిళ్ళు. అన్నిటికన్నా వెనక టూరు కంపెనీ యజమాని క్రెయిగ్.

చెవిలో — నోళ్ళు.

అందరి హెల్మెట్లకీ మైకులు పెట్టించాడు క్రెయిగ్. ఆమె చెప్పే కబుర్లు అందరికీ వినబడాలి కదా. అందరి నోళ్ళూ ఆమెకి వినబడతాయి. అది మాత్రం క్రెయిగ్ ఆలోచించలేదు. త్రేన్పులు. ముక్కు ఎగబీల్చడాలు. గొంతు గీరుకోవడాలు. రూల్ఫ్ అని హాలండు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరొకడు. పొద్దుటి నుంచీ ఒకటే బబుల్‌గమ్ నములుతున్నాడు. చప్... చప్... చప్. ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ బాగుచేస్తాడట!

రోత.

సముద్రం ఎంత అందంగా ఉన్నా సరే, చెవిలో ఎవడో నములుతుంటే రోతే.

మలుపు తిరిగింది. అఖాతం కనబడింది. ఇక్కడ ఆమె మాట్లాడాలి. ఇక్కడ ఎప్పుడూ మాట్లాడుతుంది.

ఇదిగో, మా ముత్తాతల పడవ చేరింది ఈ ఒడ్డుకే, అంది. బ్రేకుల్లేని పడవ కాబట్టి ఇసకలో దూసుకుపోయి ఆగింది, అంది.

ఎనిమిది గొంతులు నవ్వాయి.

పోయిన వారం వేరే ఎనిమిది గొంతులు నవ్వాయి. ఆ ముందు వారం కూడా. జోకు కూడా అన్నం లాంటిదే. పాచిపోతుంది. పాచిపోయినదాన్ని రోజూ వేడిచేసి వడ్డిస్తున్న చేయి తనదే. ఆ సంగతి తలుచుకుంటే నాలుక మీద చేదు.

"ఇంకొంచెం ఆత్మ కలిపి చెప్పు కహూ," చెవిలో క్రెయిగ్. "ఆత్మ! వాళ్ళు దానికోసమే వచ్చారు."

పులుసులో ఇంకో చెంచాడు ఉప్పు వెయ్యమన్నట్టు చెప్పాడు.

ఎడమ పక్క సముద్రం. ఏమీ అనని సముద్రం.

కొండవాలులో తెల్ల కంచె వచ్చింది. కంచె లోపల సమాధులు. వాటిలో ఒకటి వాళ్ళ అమ్మది. కహురంగి ఎప్పుడూ ఇక్కడ వేగం తగ్గిస్తుంది. మైకు ఆపేస్తుంది. లోపల ఒక మాట అనుకుని సాగిపోతుంది. ఇవాళ తగ్గించేసరికి, ఆగమన్నదనుకుని అందరూ ఆగారు. క్రెయిగ్ బండి దిగాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. కంచె దగ్గరికి నడిచాడు. అటు తిరిగి నిలబడ్డాడు. ప్యాంటు జిప్పు లాగాడు.

అతని మెడలో పచ్చరాయి వేలాడుతూనే ఉంది. కహురంగి వాళ్ళు చెక్కిన పచ్చరాయి.

కహురంగి బండి దిగబోయింది. నోరు తెరిచింది. మూసుకుని మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంది. ఇవాళ కాదు... ఇవాళొక్కటీ గొడవ వద్దు. ఇవాళ దాటిపోనీ.

ఎందుకంటే ఇవాళ వెళ్ళేది పెద్దమ్మ ఇంటికి. తన సొంత మరాయెకి.

మరాయె అంటే తెగ అందరిదీ అయిన ముంగిలి. ముంగిలి వెనక, పూర్వీకుడి పేరు పెట్టుకున్న చెక్కడాల ఇల్లు. ఆ పక్కన భోజనశాల. చుట్టూ తన వాళ్ళు. ఇన్నేళ్ళుగా ఊరూరి ముంగిళ్ళకీ జనాన్ని తోలుకెళ్ళింది గానీ, ఇక్కడికి తేలేదు. తేవడానికి మనసొప్పలేదు. పెద్దమ్మే రమ్మంది. పోయిన నెల ఫోన్లో.

"నా గొంతు బీటలు వారిపోయిందే పిల్లా. నా తర్వాత ఆ అరుగు మీద నిలబడి వచ్చినవాళ్ళని పిలిచేదెవరు? ఇక్కడ నా దగ్గరున్న హుయియా పిలిస్తే కోళ్ళు పారిపోతాయి. నీది మీ అమ్మ గొంతు. కానీ నువ్వెక్కడున్నావ్? రోడ్డు మీదున్నావ్. ఓసారి ఆ నీ మందని తీసుకురా. అటువైపు నుంచి, వచ్చేవాళ్ళ తరఫున జవాబు పలుకు. వింటాను. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

రిపెకా పెద్దమ్మ ఏదీ ఊరికే అనదు.

అరుగు మీద ఆ చోటు. అదొక్కటే కహురంగికి కావాలి. ఈ చెవిలో నోళ్ళు వద్దు, పాచి జోకులు వద్దు. ఆ అరుగు, నల్ల గౌను, ముంగిలి అంతా వినబడే ఆ పిలుపు. వారం పొడుగునా అదే ఆలోచన. బండి మీద ఆ పిలుపు సాధన చేసింది. మైకు ఆపి, హెల్మెట్ లోపల, ఆ వాసనలో.

ఊరి పొలిమేరలో బళ్ళు ఆపించింది. అందరినీ చుట్టూ నిలబెట్టుకుంది. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"చెప్పులు బయటే విడవాలి. బల్ల మీద కూర్చోకూడదు, బల్ల ఉన్నది తినడానికి. హెల్మెట్ బండి దగ్గరే వదిలెయ్యండి. తల మాకు పవిత్రం. తల మీద పెట్టుకునేదీ అంతే. దాన్ని తిండి దగ్గర పెట్టారంటే ఆ తిండి ఇక ఎవరూ ముట్టరు. అర్థమైందా?"

తల ఊపారు. రూల్ఫ్ మాత్రం వేళ్ళు మడుస్తూ మళ్ళీ అప్పజెప్పాడు. చెప్పులు, బల్ల, హెల్మెట్... బట్టతల మీద చెమట, నోట్లో అదే బబుల్‌గమ్. వాడి బుద్ధిమంతత్వం కూడా ఆమెకి వెగటు పుట్టించింది. ఏ గొడవొచ్చినా వీడి వల్లే వస్తుంది అనుకుంది. వీడి మీదే కన్నేసి ఉంచాలి.

గేటు ముందు బళ్ళు నిలిపేసరికి పొగ వాసన. పక్కనే నేలలో గుంట తవ్వి, కాలిన రాళ్ళ మీద మాంసం, చిలగడదుంపలు పెట్టి మట్టి కప్పి ఉడికిస్తున్నాడు రావిరి. పెద్దమ్మ కొడుకు. పార మీద గడ్డం ఆనించి నవ్వాడు.

"వచ్చావటే దొరసానీ! మందంతా వచ్చిందా, దారిలో ఒకటో రెండో సముద్రంలో పడ్డాయా?"

"పడితే బాగుండు," అంది గొంతు తగ్గించి.

"అయితే గేటు బయటే నిలబడు. అతిథివి కదా ఇవాళ!"

రావిరి వేళాకోళానికే అన్నాడు. ఆమెకి గుచ్చుకుంది. చిన్నప్పుడు ఏ గేటు మీదెక్కి ఊగిందో, ఊగినందుకు వీపు మీద దెబ్బలు తిందో, ఆ గేటుకి బయట... తెలియని జనం ముందు, తెలియని మనిషిలా నిలబడింది.

అరుగు మీద నల్ల గౌను కదిలింది.

పెద్దమ్మ పిలిచింది.

ఎక్కణ్ణించి వచ్చినా రండి. మీ వెంట మీ చనిపోయిన వాళ్ళని కూడా తీసుకుని రండి. గొంతు నిజంగానే బీటలు వారింది. మధ్యలో ఒకచోట విరిగింది. విరిగినచోట సముద్రం వినబడింది.

కహురంగి ఊపిరి పీల్చింది.

జవాబు పలికింది.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అందులో నోళ్ళు లేవు. జోకు లేదు. కొండవాలు తెల్ల కంచె ఉంది, కంచె లోపల అమ్మ ఉంది. వస్తున్నాం అంది ఆ గొంతు... వస్తున్నాం, వస్తున్నాం. అడుగులో అడుగు వేసుకుంటూ ముంగిలి దాటింది. వెనక ఎవరూ నమలడం లేదు. పార పట్టుకున్న రావిరి టోపీ తీశాడు.

ప్రసంగాలయ్యాయి. పాటలయ్యాయి. వరసలో నిలబడి ముక్కూ ముక్కూ ఆనించి ఊపిరి పంచుకోవడం. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వదల్లేదు. నుదురూ నుదురూ ఆనించి అలాగే ఉండిపోయింది.

"మీ అమ్మే..." అంది. "అచ్చం మీ అమ్మే. తిన్నాక నా దగ్గరికి రా. మాట్లాడుకుందాం."

అంతే. అంతకన్నా ఏం కావాలి?

భోజనశాలకి నడుస్తుంటే క్రెయిగ్ చేయి ఊపాడు. నీ మైకు ఆపలేదు, ఇందాక బండి దగ్గర నా హెల్మెట్‌లో గుయ్యిమంది, వెళ్ళి చూడు అన్నాడు. సరే అంది. ఇవాళ దేనికైనా సరే అంటుంది. బండి దగ్గరికి వెళ్ళింది. హెల్మెట్ తీసుకుంది. మీట నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది. నొక్కుతూనే వెనక్కి నడిచింది. పెదవుల మీద ఇంకా ఆ పిలుపు. పాదాల కింద ఎర్రటి పూలు. చెప్పులు గుర్తుగా గడప బయటే విడిచింది.

భోజనశాల నిండా ఆవిరి. పొడుగాటి బల్లలు. పంది మాంసం, చిలగడదుంపలు, ఆల్చిప్పలు. మధ్యలో పళ్ళెం నిండా వేయించిన రొట్టెలు. పెద్దమ్మ చేత్తో పిసికి, పెద్దమ్మ చేత్తో వేయించినవి.

"ఇటు రావే, నా పక్కన కూర్చో!"

వచ్చింది. నవ్వింది. కూర్చోబోతూ...

చేయి దాని దారిన అది పోయింది.

రోడ్డు పక్క ప్రతి కాఫీ కొట్టులో పోయినట్టే. పెట్రోలు బంకుల్లో పోయినట్టే. ఇన్నేళ్ళుగా రోజుకి ఎన్నిసార్లో పోయినట్టే. చేతిలోది బల్ల మీద పెట్టింది. రొట్టెల పళ్ళెం పక్కన, అంచుకి ఆనుకునేలా.

హెల్మెట్.

తెరుచుకున్న నోరు రొట్టెల వైపు. లోపల నల్లబడ్డ స్పాంజి. అంటుకున్న తలవెంట్రుక ఒకటి.

గరిటె ఆగింది. ముందు హుయియా చేతిలో గరిటె. తర్వాత మాటలు. తర్వాత పిల్లల కాళ్ళ చప్పుడు. ఆవిరి ఒక్కటే ఆగలేదు.

అందరూ చూస్తున్నారు. దేన్ని చూస్తున్నారో ఆమెకి వెంటనే తెలియలేదు. రూల్ఫ్ వైపు చూసింది. వాడేదో చేసే ఉంటాడు! వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు. బబుల్‌గమ్ కూడా ఎక్కడో ఉమ్మేసి వచ్చాడు. వాడూ బల్ల వైపే చూస్తున్నాడు.

"మీరే చెప్పారు కదండీ..." అన్నాడు, నిజంగానే అర్థం కాక. "తిండి దగ్గర పెట్టకూడదని..."

అప్పుడు చూసింది.

వేడివేడి రొట్టెల వాసన. దాని మీదుగా హెల్మెట్ వాసన. నిన్నటి చెమట, మొన్నటి చెమట. జీవితంలో మొదటిసారి ఆ వాసన బయటినుంచి ముక్కుకి తగిలింది. ఛీ. ఎంత రోతగా ఉంది! ఇన్నాళ్ళూ అందులో తల పెట్టుకుని ఎవర్ని అసహ్యించుకుంది?

లాక్కుని గుండెలకి హత్తుకుంది. ఆలస్యమైంది. తిండి అంటుపడిపోయింది.

తిట్టు పెద్దమ్మా.

ఆరేళ్ళప్పుడు ఇదే బల్ల ఎక్కి కూర్చుంటే తడిగుడ్డతో తొడ మీద చెళ్ళుమనిపించింది పెద్దమ్మ. సాయంత్రం దాకా తిట్టింది. నీ పిర్రల మీద భోంచెయ్యమంటావటే అంది. నిన్నగాక మొన్న హుయియా ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు గిన్నెల్లో వేస్తే, వీధి చివరిదాకా వినబడేలా తిట్టిందట. తన వాళ్ళని తిడుతుంది పెద్దమ్మ. తన వాళ్ళనే తిడుతుంది.

తిట్టు. ఆ గుడ్డ తీసుకుని కొట్టు. ఇంతమంది ముందే కొట్టు.

పెద్దమ్మ లేచింది. రొట్టెల పళ్ళెం రెండు చేతులా ఎత్తింది. పళ్ళెం హుయియాకి ఇచ్చింది. తర్వాత మాంసం. తర్వాత దుంపలు. ఆ బల్ల మీదవన్నీ ఒక్కొక్కటే బయటికి వెళ్ళాయి. బయట రావిరి పార చప్పుడు వినబడింది. గుంట మళ్ళీ తవ్వుతున్నాడు. ఈసారి పాతిపెట్టడానికి.

"చల్లారిపోయినట్టున్నాయి," పెద్దమ్మ అతిథులకి చెప్పింది నవ్వుతూ. "వేడివి తెప్పిస్తాను, కూర్చోండి, కూర్చోండి."

క్రెయిగ్ ఫోన్ ఎత్తి అంతా వీడియో తీస్తున్నాడు. అద్భుతం, అంటున్నాడు. ఎంత మర్యాద!

వేడినీళ్ళతో బల్ల తుడుస్తున్నారు. కహురంగి ఆ గుడ్డ కోసం చేయి చాపింది. పెద్దమ్మ ఆ చేతిని పట్టుకుంది. మెల్లగా పక్కకి తప్పించింది. తట్టింది కూడా.

"పెద్దమ్మా, నేను..."

"పర్లేదమ్మా," అంది పెద్దమ్మ. "దారిన పోయేవాళ్ళకి మా ఇంటి పద్ధతులు ఎలా తెలుస్తాయి? కూర్చో. భోంచేసి వెళ్ళు."

నవ్వింది.

క్రెయిగ్‌ని చూసి నవ్వినట్టే. రూల్ఫ్‌ని చూసి నవ్వినట్టే. అంతే మెత్తగా, అంతే మర్యాదగా.

తిన్నాక నా దగ్గరికి రా అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. కహురంగి తినలేదు. వెళ్ళేటప్పుడు అరుగు మీద ఎవరో వీడ్కోలు పిలుపు పాడారు. హుయియా గొంతు. ఏ కోళ్ళూ పారిపోలేదు.

ఎడమ పక్క సముద్రం.

చెవిలో మళ్ళీ నోళ్ళు. త్రేన్పులు. కడుపునిండా తిన్న త్రేన్పులు. తర్వాతి అఖాతం రాగానే క్రెయిగ్ అన్నాడు. ఇక్కడా చెప్పు కహూ, ఆ పడవ సంగతి.

మలుపు తిరిగింది. మలుపు దాటింది. గేరు మార్చింది. చెవిలో ఒక్క రూల్ఫ్ ఊపిరి మాత్రం వినబడింది. వాడు నమలడం లేదు.

సముద్రం ఒడ్డున కాఫీ కొట్టు దగ్గర అందరూ దిగారు. బల్లల చుట్టూ కూలబడ్డారు. కప్పుల పక్కన, బిస్కట్ల పక్కన హెల్మెట్లు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేస్తూ కూర్చున్నాయి. రూల్ఫ్ తనది తీసి కుర్చీ కింద, నేల మీద పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు.

ఆమె చూసింది.

"కూర్చోవేం?" అన్నాడు క్రెయిగ్.

నిలబడే ఉంది. రెండు చేతుల మధ్య హెల్మెట్. దాని నల్లటి స్పాంజిలో ఎర్రటి పోహుతుకావా కేసరం ఒకటి ఇరుక్కుంది. ముంగిట్లోదో, రోడ్డుదో... గాలికి వాసన పైకి వచ్చింది. నిన్నటి చెమట. మొన్నటి చెమట. ఉప్పుగాలి.

ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.