సమకూలి సంఘం ఏడో సంతకం

తిరుత్తణిలో లోకల్ బండి ఎక్కి తిరువళ్లూరుకు పోతున్న ఆ ఏడుగురు ఆడవాళ్ళకూ పెళ్ళికి పోతున్నంత హుషారుగా ఉంది. సమకూలి సంఘం ఆ రోజు సొంత సంస్థగా రిజిస్టరు కాబోతోంది. ఇన్నేళ్ళూ అది చెన్నైలోని ఒక ట్రస్టు నీడన నడిచింది. మల్లెతోటల్లో పనిచేసే ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇప్పించింది సంఘం, ఫొటోలు దిగింది ట్రస్టు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు లెండి. ఇకమీదట చెట్టూ మాదే, కాయలూ మావే అని కాంచన కిటికీ పక్కన కూర్చుని సంబరపడింది.

ఆ సంఘాన్ని పుట్టించింది కాంచనే. ట్రస్టు దగ్గర జీతానికి పనిచేస్తూ ఊరూరా తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది. అడగందే అమ్మైనా పెట్టదని చెప్పి, ఒకే ఒక్క కట్టుబాటు నేర్పింది. ఎవరికి నొచ్చిందో వాళ్ళే నోరు తెరవాలి. తోట యజమాని దగ్గరికైనా తహసీల్దారు దగ్గరికైనా అందరూ కలిసే పోతారు, మాట్లాడేది మాత్రం కష్టపడ్డ మనిషే. మిగతావాళ్ళు పక్కన నిలబడతారు గానీ మాట అందివ్వరు. మొదటిసారి ఒక యజమాని ఎదుట, ఈ ఏడుగురిలో ఒకరైన చెంగమ్మ గొంతు పెగలక చెమటలు కక్కుతుంటే, నేను చెబుతానని ముందుకొచ్చిన ఉషాను కాంచనే చెయ్యి పట్టి ఆపింది. కాసేపటికి చెంగమ్మ నోరు తెరిచింది. అది మళ్ళీ మూతపడలేదు, ఆ సంగతి వేరే.

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ట్రస్టు పెద్ద మురళీధరన్ వాళ్ళకోసం కాచుకుని ఉన్నాడు. పొన్నేరి మనిషి, రిటైరైన ఆఫీసరు, మంచివాడే. చిక్కంతా మంచివాళ్ళతోనే. చెడ్డవాళ్ళతోనైతే పోట్లాడొచ్చు. అందరికీ టీ చెప్పి, టైపు చేయించిన కాగితాలు బల్లమీద పెట్టాడు.

"అంతా రెడీ అమ్మా. తలైవర్‌గా, అదే అధ్యక్షుడిగా, నా పేరు పెట్టినాను. కలెక్టరాఫీసులో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఉండాల గదా. నాతోబాటు మీరు ఆరుగురు."

"మేము ఏడుగురం గదా సార్," అంది ఉషా.

"కాంచన ఎప్పటిమాదిరే పని చూసుకుంటాది. జీతం తీసుకునే మనిషి కమిటీలో ఉంటే బాగుండదు. ఆయమ్మికి ఈ కుర్చీలూ గిర్చీలూ పట్టవు, నాకు తెలీదా? ఏం కాంచనా?"

కాంచన నవ్వింది. నవ్వడం అలవాటు కాబట్టి నవ్వింది. ఇప్పుడు చెంగమ్మ లేస్తుంది, ఈయన్ని కడిగేస్తుంది అని అటు చూసింది. చెంగమ్మ టీ ఊదుకుంటోంది. ఉషా రోడ్డుమీద పోయే బస్సును చూస్తోంది. కాంచనకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. వీళ్ళకోసమేనా ఎండనక వాననక తిరిగింది?

"ఏం చెంగమ్మక్కా, గమ్మున ఉండావే?"

చెంగమ్మ గ్లాసు కింద పెట్టి లేచి, కాంచన పక్కకు వచ్చి భుజం తగిలేట్టు నిలబడింది.

"నొచ్చింది నాకు కాదు గదమ్మే," అంది మెల్లగా.

మిగతా అయిదుగురూ వచ్చి ఆ పక్కా ఈ పక్కా నిలబడ్డారు. ఒక్కరూ పెదవి కదపలేదు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడడమంటే ఇదే. ఎంతమంది చేత ఎన్ని గుమ్మాల ముందు మాట్లాడించింది కాంచన! తనకంటూ ఒక్కసారైనా నోరు తెరిచిందా? ‘మాకు’ అనడం ఆమెకు వచ్చు, ‘నాకు’ అనడం రాదు. సరే సార్, మీ ఇష్టం అనేస్తే ఆ క్షణానికి గండం గడుస్తుంది. సంఘం మాత్రం మళ్ళీ పాత నీడలోకే పోతుంది, తను వాకిట్లోనే మిగిలిపోతుంది. మురళీధరన్ వాచీ చూసుకుంటున్నాడు.

"సార్," అంది. "నాకు పట్టవని మీకెవరు చెప్పినారు? నాకు కావాల. సంఘంలో చోటు కావాల, తలైవి కుర్చీ కూడా నాకే కావాల. జీతం అడ్డమంటే ఈ పొద్దుతో ఆ జీతం నాకొద్దు. మాకు రొంత చెరకుతోట ఉండాది, బతుక్కుంటా. ఆఫీసర్లతో నేను మాట్లాడతా, రాకపోతే నేర్చుకుంటా. మీరు సలహా చెప్పేదానికి ఎప్పుడైనా రాండి. సంతకం పెట్టేదానికి వద్దు."

మురళీధరన్ మొహం కందిపోయింది. "మీరేమంటారమ్మా?" అని మిగతావాళ్ళను అడిగాడు. చెంగమ్మ గడ్డంతో కాంచన వైపు చూపించింది, ఆమెనే అడగమన్నట్టు.

"నువ్వు అడుగుతావని నేననుకోలేదమ్మా," అన్నాడు చివరికి.

"నేనూ అనుకోలేదు సార్."

ఆయన జేబులోంచి పెన్ను తీసి తన పేరు కొట్టేశాడు. కాగితాలు మళ్ళీ టైపు చేయించడానికి తనే లేచాడు. ఆయన వచ్చేలోపు, కాంచన తలైవిగా ఉండడం ఇష్టమైనవాళ్ళు చెయ్యెత్తండని ఉషా అడిగింది. అందరూ ఎత్తారు. చెంగమ్మ రెండు చేతులూ ఎత్తి తిట్లు తింది.

లోపల గుమాస్తా కాగితాలు తిరగేస్తూ, తలెత్తకుండానే "తలైవి యారు?" అన్నాడు. అధ్యక్షురాలెవరని. వెనక ఆరుగురూ నోరు కట్టేసుకుని నిలబడ్డారు. మురళీధరన్ కూడా మాట్లాడలేదు.

"నేనే," అంది కాంచన, తమిళంలో చెప్పాలన్న సంగతే మరిచిపోయి.

అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది ఆ మాట. గుమాస్తా తలెత్తి ఆమెను చూశాడు.