కుదురుగా నడిచిన పెన్ను

వేలు నలిగి ఆ పని మానుకునేదాకా నూకయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ప్రెషర్ గేజీలు బాగుచేసేవాడు. అక్కడ ఒకటే ధర్మం. ముల్లు వణికిందా, గేజీకి రోగం వచ్చినట్టే. ఇన్‌స్పెక్టరు కంటపడకముందే ఆ వణుకు మాన్పి పంపెయ్యాలి. నోరు మెదిపితే పని చేతకానివాడంటారు.

తర్వాత ఊళ్లోనే ఓ కాలేజీ ఫిజిక్సు లేబులో మెకానిక్కుగా చేరాడు. డెబ్భై రెండులో అక్కడ రామనాథమనే కుర్రాడు డాక్టరేటు కోసం ఓ తార వెంట పడ్డాడు. ఆ తార పక్కన కంటికి కనబడని జత ఒకటుండి దాని ఒంట్లో వాయువును గుంజుకుంటోందట. ఆ గుంజుడులోనే ఎక్స్‌రేలు పుడతాయి. అవి గాలికి దీపంలా చకచకా హెచ్చి తగ్గుతుంటే, ఆ జత చాలా చిన్నదని తేలుతుంది. మన గాలిపొర ఆ కిరణాల్ని కిందికి రానివ్వదు. అందుకని హైదరాబాదులో బెలూన్ ఎగరేశారు. పైనుంచి రేడియోలో వచ్చినదాన్ని కింద రికార్డరు పెన్ను కాగితం మీద గీసింది.

గీత నున్నగా వచ్చింది. ఖరగ్‌పూర్ తిరిగొచ్చి, అనుమానంతో రామనాథం రికార్డరు విప్పాడు.

"ఈ కండెన్సరు ఎవరు పెట్టారు?"

"నేనే బాబూ!" నూకయ్య మురిసిపోయాడు. "పేకింగ్ సేసేముందు సూత్తే పెన్ను మలేరియా జొరమొచ్చినట్టు ఒణికిపోతంది. ఇదేసినాను. సూడండి, ఎంత కుదురుగా నడిసిందో!"

రామనాథం స్టూలు మీద కూలబడ్డాడు. "నాకు కావాల్సింది ఆ వణుకే, నూకయ్యా."

"ఒణుకు కోసం ఎవులైనా బెలూనెగరేత్తారేటి?" నవ్వబోయిన నూకయ్య, ఆ మొహం చూసి ఆగిపోయాడు.

"తార ఎగిరెగిరి పడినా ఇది మింగేసి, పెన్నుని జోకొట్టింది."

"తీసేత్తాను, ఒక్క నిమిసం."

"కాగితం మీద పడనిది ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది? ఇంకో బెలూన్ మనకెవరిస్తారు?"

నూకయ్య గొంతు తగ్గించాడు. "అయితే ఈ తార ఒణకదనే రాసీండి బాబూ. ప్రొఫెసరుగారు సంతకమెట్టేత్తారు. తార దిగొచ్చి కాదని సెప్తాదేటి?"

"చెప్పదు. అందుకే నేను చెప్పాలి."

రామనాథం ప్రొఫెసరు గదిలోకి వెళ్లాడు. నూకయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల్నుంచి, "తప్పు నాదే సార్, ఎగరేసేముందు నేను సరిచూసుకోలేదు" అన్న మాట వినబడింది. తర్వాత ప్రొఫెసరు మెల్లగా, చాలాసేపు ఏదో చెప్పాడు. అరిచినా బావుండేది.

రామనాథం బయటికొచ్చాడు.

"ఏటన్నారు బాబూ?"

"స్కాలర్‌షిప్పు ఈ నెలతో సరి. డాక్టరేటు మాట ఇక ఎత్తొద్దన్నారు."

"నా పేరెందుకు సెప్పలేదు? నానెల్లి సెప్పీనా?"

"చెబితే నీ ఉద్యోగం పోతుంది. నా గీత తిరిగి రాదు. ఇంటికెళ్లు."

ఆ మాటకి నూకయ్య ప్రాణం ముందు హమ్మయ్య అనుకుంది.

నిమ్‌పురా పేటలోని ఇంటికెళ్లేసరికి పెళ్లాం అప్పలనర్సమ్మ అన్నం వడ్డించింది. "ఏటయ్యా, ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉందే" అన్నాడు. ఆ హమ్మయ్య గుర్తొచ్చి, తన మీద తనకే రోతపుట్టి, కంచం పక్కకి నెట్టేశాడు.