కామేశం గారి వన్స్ మోర్

బోధన్‌లో చక్కెర కార్ఖానా కడుతున్న ఏడు, కృష్ణ వేషానికి పేరుమోసిన కామేశం నాటకం పట్టుకొని నిజామాబాద్ వచ్చాడు. పోయిన ప్రతి ఊళ్లో కుంటి పిల్లలకు చంకకర్రలు పంచుతాడని, మహా దయగలవాడని చెప్పుకున్నారు. నా మనవరాలు గోదావరికి పసితనంలోనే జ్వరం తగిలి ఎడమ కాలు చచ్చుబడింది. మోసి మోసి నా నడుము పడిపోయింది. ఆ కర్రలు దొరికితే చాలనుకున్నాను.

తలంటి, కొత్త లంగా కట్టి తీసుకుపోయాను. నాటకం పెట్టించిన ఆత్మారాం సేటు నన్ను స్టేజీ మెట్ల దగ్గరే ఆపాడు.

"నువ్వు ఎక్కకు లింగవ్వా. ముండమోసినదానివి, దేవుని యేషం ముంగట నిలవడ్తవా?"

"మరి పోరి ఎట్ల పోతది సేటూ?"

"పాకుతది. జనం సూడొద్దా?"

గోదావరి పాకింది. కొత్త లంగా బల్లల మీది దుమ్మునంతా ఊడ్చింది. కామేశం ఒక్క అడుగు ముందుకు రాలేదు. చేతులు చాచి, కన్నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. పిల్ల చేరాక కర్రలు అందించాడు. చెరుకు రైతులు, కుర్చీల్లోని పెద్దలు అందరూ ఏడ్చారు.

అంతలో ఎవడో అరిచాడు, "వన్స్ మోర్!"

పద్యం బాగుంటే అట్లా అరవడం, నటుడు మళ్లీ పాడడం మామూలే. ఇక్కడ పద్యమేది? అయినా పందిరంతా అందుకుంది.

కామేశం జనానికి దండం పెట్టి, పిల్ల చేతిలోంచి కర్రలు తీసుకున్నాడు.

"మెట్ల దాకా వెళ్లి మళ్లీ ఒక్కసారి రామ్మా. బంగారు తల్లివి కదూ!"

ఎంత తియ్యటి గొంతు! పిల్ల నిజంగానే వెనక్కి తిరిగి పాకబోయింది.

నేను మెట్లెక్కాను.

"దిగు! అపశకునం!" అని ఆత్మారాం కేకలు పెట్టాడు. నా బోడి నుదురు చూసి కామేశం పామును చూసినట్టు జరిగాడు. కన్నీళ్లు టక్కున ఆగాయి.

"ఆ కర్రలియ్యి అయ్యా."

"అమ్మా, ఇది ప్రజల కోరిక..."

"పాకుడు గంత సక్కగుంటే నువ్వు పాకు. కిరీటం జర గట్టిగ పట్టుకో, పడతది."

చేతికిస్తే నేను తగులుతానని, కర్రలు కింద పడేశాడు. ఏరుకొని, పిల్లను చంకనేసుకొని దిగాను. జనం చప్పట్లు కొట్టారు. ఇదీ నాటకమేననుకున్నారు! థూ అని ఉమ్మి బయటికొచ్చాను.

ఇంటికి పోయి నిలబెట్టి చూస్తే కర్రలు పిల్ల చంకకంటే జానెడు పొడుగు. కొలిచినవాడు లేడు. తెల్లారి వడ్రంగి సిద్దిరాములు కోసి సరిచేశాడు. పిల్ల రెండు అడుగులు వేసి, పడి, లేచి, మళ్లీ వేసింది.

చూడడానికి నేనూ సిద్దిరాములూ తప్ప ఎవరూ లేరు.